మలబద్ధకం ఉన్న పెద్దవారికి కొలనోస్కోపీ: ఏ మందు, ఏ పద్ధతి ఎంచుకోవాలి?

డాక్టరు కొలనోస్కోపీ, అంటే మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి పెద్దపేగును చూసే పరీక్ష, రాసిన తరువాత చాలా ఇళ్లలో అసలు పరీక్ష కన్నా దాని ముందు తాగవలసిన విరేచనాల మందే ఎక్కువ భయపెడుతుంది. డెబ్బై దాటిన అమ్మ చేతనో నాన్న చేతనో నాలుగు లీటర్ల ద్రావణం తాగించగలమా, తక్కువ నీటితో పని జరిగే మందు లేదా, ఆసుపత్రిలో చేర్పించి అక్కడే కడుపు శుభ్రం చేయిస్తే మేలా అని పిల్లలు మథనపడతారు. ఆ పెద్దవారికి ఏళ్ల తరబడి మలబద్ధకం కూడా ఉంటే చిక్కు రెట్టింపవుతుంది. మామూలు మనిషికి సరిపోయే మోతాదు వారికి చాలదు, వారికి చాలేంత మోతాదును వారి గుండె, మూత్రపిండాలు తట్టుకుంటాయో లేదో ముందుగా చూసుకోవాలి.

పేగు సరిగా శుభ్రపడకపోతే నష్టం చిన్నది కాదు. గోడకు మలం అంటుకుని ఉన్న చోట పాలిప్‌లు (పేగు గోడ మీద పెరిగే చిన్న కండలు, కొన్ని క్యాన్సర్‌గా మారవచ్చు), ముఖ్యంగా పెద్దపేగు కుడివైపున చదునుగా పెరిగేవి, కెమెరాకు కనిపించవు. ఒక్కోసారి పరీక్షను మధ్యలోనే ఆపి మరో తేదీ ఇస్తారు, ఆ పెద్దవారు అంత శ్రమనూ మళ్లీ మొదటి నుంచి పడాలి. ఈ విషయంలో నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. మలబద్ధకం ఉన్నవారికి ఏ కంపెనీ మందు అన్న ప్రశ్న మూడవ స్థానంలో ఉండాలి. పరీక్షకు ముందున్న నాలుగైదు రోజుల్లో నిలవ మలాన్ని కదిలించడం మొదటిది, మందును రెండు భాగాలుగా విడదీసి తాగించడం రెండవది. ఈ రెండూ కుదిరాక మందు ఎంపిక చాలావరకు గుండె, మూత్రపిండాలు, మింగే శక్తిని బట్టి తేలిపోతుంది. చివరి నిర్ణయం మీ గ్యాస్ట్రో డాక్టరుదే. ఆయనను ఏమి అడగాలో, ఆయనకు ఏమి చెప్పాలో తెలుసుకుని వెళ్లడానికి ఈ పోలిక ఉపయోగపడుతుంది.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటి కొలమానం శుభ్రత. మలబద్ధకంలో పెద్దపేగు కదలిక మందగించి, మలం రోజుల తరబడి నిలిచి, అందులోని నీరు ఇంకి గట్టిపడుతుంది. పైనుంచి ఎంత ద్రావణం పోసినా అది ముందు ఈ గట్టి భాగాన్ని నానబెట్టి కదిలించాలి, ఆ తరువాతే గోడలను కడగగలుగుతుంది. డాక్టర్లు శుభ్రతను బోస్టన్ కొలమానంతో లెక్కిస్తారు. పెద్దపేగును కుడి, మధ్య, ఎడమ భాగాలుగా చూసి ఒక్కొక్కదానికి 0 నుంచి 3 వరకు మార్కులు వేస్తారు. మూడు భాగాల్లో ప్రతి ఒక్కదానికీ కనీసం 2 వస్తేనే పరీక్ష నమ్మదగినదని అర్థం. మలబద్ధకంతో పాటు షుగరు, పక్షవాతం, పార్కిన్సన్స్, పాత పొట్ట ఆపరేషన్లు, ట్రమడాల్ వంటి నొప్పి మందులు, నిద్రకో నరాల నొప్పికో వాడే అమిట్రిప్టిలిన్ వంటివి కూడా ఉంటే, లేదా కిందటిసారి కడుపు సరిగా శుభ్రపడలేదని రిపోర్టులో రాసి ఉంటే, మామూలు మోతాదు చాలదని ముందే అనుకోవాలి.

రెండవది శరీరంలోని నీరు, లవణాల సమతౌల్యం. విరేచనాల మందులన్నీ ఒకే విధంగా పనిచేయవు. కొన్ని తాము తెచ్చిన నీటితోనే పేగును కడిగి బయటికి పోతాయి. మరికొన్ని ఒంట్లోని నీటిని పేగులోకి లాగుతాయి. రెండవ రకంలో తాగే నీరు తగ్గుతుంది గాని, ఆ కొరతను మనిషి రక్తనాళాలు తీర్చవలసి వస్తుంది. పెద్దవారికి దాహం తక్కువగా తెలుస్తుంది కనుక నష్టపోయిన నీటిని వారంతట వారు అడిగి తాగరు. బీపీకి, గుండెకు మూత్రం పోయించే మాత్రలు వాడుతున్నవారిలో సోడియం, పొటాషియం త్వరగా తగ్గుతాయి.

మిగిలినవి ఇంటి పరిస్థితికి చెందినవి. గ్లాసు తరువాత గ్లాసు తాగగలరా, తాగేటప్పుడు పొలమారుతుందా, రాత్రి పదిసార్లు మరుగుదొడ్డికి నడవగలరా, పక్కన మనిషి ఉంటారా. మందుల పోలికలో ఈ ప్రశ్నలు కనిపించవు గాని, పెద్దవారికి జరిగే ప్రమాదాల్లో రాత్రి తడి నేల మీద జారి తుంటి ఎముక విరగడం చాలా పెద్దది.

## మందు కొనే ముందు తేల్చుకోవలసినవి

ఈ పరీక్ష ఎందుకు చేస్తున్నారో డాక్టరును స్పష్టంగా అడగండి. మలంలో రక్తం, కారణం తెలియని రక్తహీనత, బరువు తగ్గడం, కొత్తగా మొదలైన మలబద్ధకం వంటి లక్షణాలుంటే పరీక్ష అవసరం బలమైనది. లక్షణాలేమీ లేకుండా కేవలం ముందుజాగ్రత్తగా చేయించుకునేవారి విషయం వేరు. అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2021లో ఇచ్చిన సూచనల ప్రకారం 45 నుంచి 75 ఏళ్ల వారికి పెద్దపేగు క్యాన్సర్ పరీక్షలు సిఫారసు చేస్తారు. 76 నుంచి 85 వరకు మనిషి ఆరోగ్యాన్ని బట్టి నిర్ణయించాలి, ఆపైన అవసరం లేదు. మంచాన ఉన్న 82 ఏళ్ల మనిషికి లక్షణాలేవీ లేకపోతే మల పరీక్ష సరిపోతుందా, అసలు ఏ పరీక్షా వద్దనుకోవచ్చా అని అడగడంలో తప్పు లేదు. పెద్దపేగును సీటీ స్కాన్‌తో చూసే సీటీ కొలనోగ్రఫీ కొందరికి ప్రత్యామ్నాయం అవుతుంది. అయితే దానికీ కడుపు శుభ్రం చేసుకోవలసి ఉంటుంది, పాలిప్ కనిపిస్తే తీయడానికి మళ్లీ కొలనోస్కోపీయే కావాలి.

రెండవ విషయం ఇంకా ముఖ్యమైనది. మలద్వారం దగ్గర గట్టి మలం ముద్దగా ఇరుక్కుని ఉందేమో డాక్టరు వేలితో పరీక్షించి చూడాలి. ఇలా ఇరుక్కున్నప్పుడు దాని పక్క నుంచి నీళ్లలాంటి మలం కొద్దికొద్దిగా కారుతుంది, ఇంట్లోవారు దాన్ని విరేచనాలు అనుకుని, మలబద్ధకం తగ్గిందని పొరబడతారు. ఆ ముద్దను తీయకుండా లీటర్ల కొద్దీ ద్రావణం తాగిస్తే కడుపు ఉబ్బి, వాంతులవుతాయి. పేగు మూసుకుపోయిందన్న అనుమానం ఉంటే విరేచనాల మందు ఏదైనా ప్రమాదమే.

## ముందున్న వారం

తెలుగు ఇళ్లలో మలబద్ధకానికి అలవాటుగా వాడేవాటిని ఈ వారంలో ఒక్కొక్కటిగా చూసుకోవాలి. ఈసబ్‌గోల్ మామూలు రోజుల్లో మంచిదే గాని, అది పీచు పదార్థం, పేగులో జిగురుగా మిగిలిపోతుంది. పరీక్షకు దాదాపు వారం ముందు దాన్ని ఆపమని డాక్టర్లు చెబుతారు. త్రిఫల వంటి చూర్ణాలు కూడా అంతే, వాటి నలక పేగు గోడలకు అంటుకుంటుంది. ఐరన్ మాత్రలు మలాన్ని నల్లగా, జిగటగా మార్చి కెమెరాకు అడ్డుపడతాయి కనుక వాటినీ ఐదు నుంచి ఏడు రోజుల ముందు ఆపిస్తారు. ఆముదం పట్టించడం పెద్దలకు బాగా తెలిసిన పద్ధతి. కానీ అది తెచ్చే కడుపునొప్పి, నీటి నష్టం ఎంతవరకు పోతాయో చెప్పలేము, కొలనోస్కోపీకి కావలసిన శుభ్రత దానితో రాదు. సెన్నా అంటే సునాముఖి ఆకే, అందులోని పనిచేసే పదార్థాలనే ఆధునిక వైద్యం సెన్నా మాత్రల రూపంలో వాడుతుంది. ఆకును కషాయం కాచి తాగితే మోతాదు ఎంతో తెలియదు కనుక, సెన్నా అవసరమైతే మాత్రగా డాక్టరు చేతనే రాయించుకోవాలి.

నిలవ మలాన్ని ముందుగా కదిలించడానికి మందుల్లో ఎంపిక ఉంది. రోజూ ఒక మోతాదు, అంటే 17 గ్రాముల పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడిని గ్లాసు నీటిలో కలిపి మూడు నుంచి ఏడు రోజులు ఇవ్వడం పెద్దవారికి అన్నిటికన్నా సౌమ్యమైన పద్ధతి అని నేను భావిస్తాను. అది రక్తంలోకి దాదాపుగా చేరదు, పేగులోనే నీటిని పట్టి ఉంచి మలాన్ని మెత్తబరుస్తుంది. లాక్టులోజ్ సిరప్ చవకైనది, చాలామందికి ఇప్పటికే అలవాటైనది. అయితే పేగులోని సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి గ్యాస్ పుట్టిస్తాయి, అందులో మండే వాయువులూ ఉంటాయి. పాలిప్‌ను విద్యుత్ పరికరంతో కత్తిరించవలసి రావచ్చు కనుక దాన్ని ఎన్ని రోజుల ముందు ఆపాలో తప్పక అడగండి. ఇదే కారణంగా మానిటాల్ ద్రావణాన్ని కొలనోస్కోపీకి వాడడం వైద్యులు మానుకున్నారు. మిల్క్ ఆఫ్ మెగ్నీషియా కలిసిన తెల్లటి సిరప్‌లు మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి వద్దు, ఒంట్లో మెగ్నీషియం పేరుకుంటుంది. వాటిలో లిక్విడ్ పారఫిన్ కూడా ఉంటే పొలమారే అలవాటున్న పెద్దవారికి మరో ప్రమాదం ఉంది. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తుంది. బిసాకోడిల్ మాత్రలు పేగు కండరాలను కదిలిస్తాయి, పరీక్షకు ముందు ఒకటి రెండు రాత్రులు ఇవ్వడం మేలు చేస్తుంది. పెద్ద మోతాదులో మాత్రం కడుపులో మెలితిప్పే నొప్పి వస్తుంది, అరుదుగా పేగుకు రక్తప్రసారం తగ్గిన సందర్భాలు ఉన్నాయి. దీర్ఘకాలిక మలబద్ధకానికి ఇప్పటికే ప్రుకలోప్రైడ్ వంటి మందు వాడుతున్నవారు సొంతంగా ఆపకుండా, కొనసాగించాలా అని అడగడం మంచిది.

ఆహారం విషయంలో మామూలు మనిషికి ఒక్క రోజు పథ్యం చాలు. మలబద్ధకం ఉన్నవారికి రెండు మూడు రోజులు పీచు తగ్గించమని చాలామంది డాక్టర్లు చెబుతారు. మన వంటింటి భాషలో చెప్పాలంటే తెల్లన్నం, ఇడ్లీ, బొంబాయి రవ్వ ఉప్మా, బాగా ఉడికిన ఆలుగడ్డ, పెరుగు, గుడ్డు పనికి వస్తాయి. ఆకుకూరలు, గోంగూర, వంకాయ, బెండకాయ, జామ, జొన్న రొట్టె, పొట్టు పప్పులు, పచ్చళ్లు ఆపాలి. ఆరోగ్యానికి మంచిదని పెద్దవారికి పొద్దున్నే ఇచ్చే రాగిజావను ఈ రెండు మూడు రోజులు మానడం చాలామందికి తట్టదు. తాలింపు కూడా మరచిపోతారు. ఆవాలు, జీలకర్ర, కరివేపాకు, నువ్వులు, గసగసాలు జీర్ణం కాకుండా పేగు చివరి వరకు వస్తాయి, పరీక్ష గొట్టం సన్నని దారిలో ఇరుక్కుంటాయి. కనుక పథ్యం అన్నాన్ని తాలింపు లేకుండానే వండాలి.

పరీక్షకు ముందు రోజు డాక్టరు చెప్పిన సమయం నుంచి తేట ద్రవాలు మాత్రమే. వడకట్టిన పప్పుకట్టు, వడకట్టిన చారు, కొబ్బరినీళ్లు, ఉప్పు పంచదార కలిపిన నిమ్మరసం, ఓఆర్ఎస్, పాలు లేని టీ పనికి వస్తాయి. మజ్జిగ, పాలు, బియ్యపు గంజి తేట ద్రవాలు కావు. దానిమ్మ, ద్రాక్ష, బీట్‌రూట్ రసాలు, ఎర్ర షర్బత్తులు రక్తంలా కనిపించి డాక్టరును తప్పుదారి పట్టిస్తాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పొటాషియం ఎక్కువైన కొబ్బరినీళ్లు ఎంతవరకు ఇవ్వవచ్చో అడిగి ఇవ్వాలి.

## అసలు మందులు: ఒక్కొక్కటిగా

పాలీఇథిలీన్ గ్లైకాల్, లవణాలతో. డాక్టర్లు పెగ్ అని పిలిచే ఈ పొడి మలబద్ధకం ఉన్న పెద్దవారికి మొదట ఆలోచించవలసిన మందు. ఇందులోని లవణాలు రక్తంలోని లవణాలతో సమతూకంగా ఉండేటట్లు కలుపుతారు కనుక, తాగిన ద్రావణం ఒంట్లోని నీటిని లాగకుండా, తానూ ఒంట్లోకి ఎక్కువగా ఇంకకుండా పేగును కడుక్కుంటూ పోతుంది. మూత్రపిండాలు బలహీనపడినవారికి, గుండె నీరసించినవారికి డాక్టర్లు దీన్నే ఎక్కువగా ఎంచుకోవడానికి కారణం అదే. మన దగ్గర తరచుగా రాసే పెగ్‌లెక్ వంటి పొడి ప్యాకెట్ ఒకటి 2 లీటర్ల నీటిలో కలుపుతారు. మామూలు మనిషికి ఆ 2 లీటర్లే సరిపోవచ్చు. మలబద్ధకం ఉన్నవారికి మొత్తం 4 లీటర్లు రెండు భాగాలుగా, లేదా 2 లీటర్లకు తోడు ముందు రోజుల్లో మెత్తబరిచే మందు, బిసాకోడిల్ కలిపి ఇస్తారు. ఈ రెండింటిలో ఏది అన్నదే ఇంట్లో నిజంగా ఎదురయ్యే ప్రశ్న.

నాలుగు లీటర్లంటే పావు లీటరు గ్లాసులు పదహారు. మందులోని ఉప్పదనం, జిగటదనం మూడో గ్లాసు నుంచే వికారం తెస్తాయి. మనిషి బలంగా ఉండి, మింగడంలో ఇబ్బంది లేకపోతే, కిందటిసారి పరీక్ష విఫలమైతే, మలవిసర్జన వారానికి ఒకటి రెండుసార్లే అవుతుంటే 4 లీటర్ల పద్ధతికి శ్రమ తగిన ఫలితం దక్కుతుంది. మనిషి సన్నగా, నీరసంగా ఉంటే, రెండు లీటర్లకే వాంతి చేసుకునే స్వభావమైతే, నాలుగు లీటర్లు రాసి రెండున్నర దగ్గర ఆగిపోవడం కన్నా ముందు వారం నుంచి ఓపికగా మలాన్ని మెత్తబరిచి 2 లీటర్లు పూర్తిగా తాగించడమే మేలు. కాగితం మీద బలమైన మందు సగంలో ఆగితే అది బలహీనమైన మందే.

పెగ్, ఆస్కార్బిక్ ఆమ్లంతో. విటమిన్ సి కలపడం వల్ల 2 లీటర్లతోనే ఎక్కువ పని జరుగుతుంది, రుచి కాస్త నయం. దీనితో పాటు మరో లీటరు వరకు తేట ద్రవం తాగవలసి ఉంటుంది. జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చేది, కొన్ని మందులకు ఎర్ర రక్తకణాలు చిట్లిపోతాయి) ఉన్నవారికి ఇది వద్దు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారిలో, గుండె వైఫల్యం ఎక్కువగా ఉన్నవారిలో జాగ్రత్త కావాలి.

సల్ఫేట్ లవణాల ద్రావణం. సోడియం, పొటాషియం, మెగ్నీషియం సల్ఫేట్లు కలిసిన ఈ ద్రావణం మన దగ్గర కోలోప్రెప్ వంటి పేర్లతో దొరుకుతుంది. తక్కువ పరిమాణం అన్న పేరుతో దీన్ని ఇష్టపడతారు గాని లెక్క వేసి చూడండి. ఈ రకం మందులో ఒక్కో 177 మిల్లీలీటర్ల సీసాను నీటితో దాదాపు అర లీటరుకు పెంచి తాగాలి, ఆపై గంటలోపు దాదాపు లీటరు నీరు తాగాలి, ఇదంతా రెండుసార్లు. మొత్తం మూడు లీటర్లకు దగ్గరపడుతుంది. తేడా ఏమిటంటే ఎక్కువ భాగం మామూలు నీరు. శుభ్రత బాగానే ఉంటుంది. ఆ నీటిని తాగకుండా వదిలేసేవారికి ఇది ప్రమాదం. మూత్రపిండాల జబ్బు, మూర్ఛ, గుండె లయ తప్పడం, గౌట్ ఉన్నవారు ముందే చెప్పాలి.

సోడియం పికోసల్ఫేట్, మెగ్నీషియం సిట్రేట్‌తో. ఒక్కో సాచెట్‌ను 150 మిల్లీలీటర్ల నీటిలో కలిపి రెండుసార్లు తాగితే చాలు, రుచి కూడా బాగుంటుంది. పెద్దవారు దీన్నే ఎక్కువగా కోరుకుంటారు. దీనితో పాటు కూడా మొత్తం మీద 2 లీటర్ల దాకా ద్రవాలు తాగాలన్న మాట చాలా ఇళ్లలో జారిపోతుంది. కొందరు అంత నీటిని మామూలు నీటి రూపంలోనే తాగించి మరో పొరపాటు చేస్తారు. పెద్దవారిలో, ముఖ్యంగా మూత్రం పోయించే మాత్రలు వాడేవారిలో, రక్తంలో సోడియం పడిపోయి మత్తు, తికమక, ఒక్కోసారి ఫిట్స్ వస్తాయి. ఆ ద్రవాల్లో ఓఆర్ఎస్, ఉప్పు వేసిన చారు ఉండాలి. మూత్రపిండాల జబ్బు తీవ్రంగా ఉన్నవారికి ఇది వాడకూడదు. గట్టి మలబద్ధకానికి దీన్ని ఒంటరిగా నమ్ముకోవడం నాకు సమ్మతం కాదు.

సోడియం ఫాస్ఫేట్. రెండు చిన్న సీసాలతో పని ముగుస్తుందని ఒకప్పుడు విరివిగా రాసేవారు, మన మందుల షాపుల్లో ఇప్పటికీ దొరుకుతుంది. తాగే ఈ మందువల్ల మూత్రపిండాల్లో ఫాస్ఫేట్ పేరుకుని శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008 డిసెంబరులో తీవ్ర హెచ్చరిక జారీ చేసింది. 55 దాటినవారు, బీపీకి రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటి మాత్రలు వాడేవారు, మూత్రం పోయించే మాత్రలు, నొప్పి మాత్రలు వాడేవారు ఆ ప్రమాదం ఎక్కువగా ఉన్నవారు. మన ఇళ్లలో పెద్దవారి మందుల డబ్బా తెరిస్తే ఈ జాబితాలోవి ఒకటి రెండైనా కనిపిస్తాయి. ఈ వయసువారికి ఇది రాస్తే మరో మందు ఇమ్మని గట్టిగా అడగండి.

| మందు | మొత్తం తాగవలసినది | మలబద్ధకంలో శుభ్రత | పెద్దవారిలో ముఖ్యమైన ప్రమాదం |
|---|---|---|---|
| పెగ్, 4 లీటర్లు | 4 లీటర్ల ద్రావణం | చాలా మంచిది, పూర్తిగా తాగితే | వికారం, వాంతి, పొలమారడం |
| పెగ్ 2 లీటర్లు, ముందు వారం మందులతో | 2 లీటర్లు, తేట ద్రవాలు | మంచిది, ముందు వారం పథ్యం పాటిస్తే | బిసాకోడిల్‌తో కడుపునొప్పి |
| పెగ్, ఆస్కార్బిక్ ఆమ్లం | 2 లీటర్లు, మరో లీటరు దాకా ద్రవం | మంచిది | జీ6పీడీ లోపంలో వద్దు |
| సల్ఫేట్ ద్రావణం | దాదాపు 3 లీటర్లు, ఎక్కువ భాగం నీరు | మంచిది | నీటి కొరత, లవణాల మార్పు |
| పికోసల్ఫేట్ | 300 మిల్లీలీటర్లు, 2 లీటర్ల ద్రవాలు | ఒంటరిగా చాలకపోవచ్చు | సోడియం పడిపోవడం |
| సోడియం ఫాస్ఫేట్ | తక్కువ | పోలిక అనవసరం | మూత్రపిండాలకు శాశ్వత హాని |

## ఒకేసారి రాత్రికా, రెండు భాగాలుగానా

ముందు రోజు సాయంత్రమే మందంతా తాగించి రాత్రి నిశ్చింతగా పడుకోబెట్టాలని చాలామంది అనుకుంటారు. తాగి పది పన్నెండు గంటలు గడిస్తే చిన్నపేగు నుంచి జారే పచ్చటి స్రావం పెద్దపేగు కుడివైపు గోడను మళ్లీ కప్పేస్తుంది. చదునైన పాలిప్‌లు దాగేది అక్కడే. అందుకే సగం ముందు సాయంత్రం, మిగతా సగం పరీక్ష రోజు తాగాలి. రెండవ భాగాన్ని పరీక్షకు నాలుగు నుంచి ఆరు గంటల ముందు మొదలుపెట్టి, కనీసం రెండు గంటల ముందు ముగించాలని మార్గదర్శకాలు చెబుతాయి. మత్తు ఇచ్చే డాక్టర్లు కొన్ని ఆసుపత్రుల్లో ఇంకా ఎక్కువ సమయం ఖాళీ కడుపు కోరుతారు, ఆ లెక్క ముందే అడిగి తెలుసుకోండి.

ఇక్కడ అపాయింట్‌మెంట్ సమయమే ఒక ఎంపిక అవుతుంది. ఉదయం ఎనిమిదికి పరీక్ష అంటే తెల్లవారుజామున రెండు మూడింటికి పెద్దవారిని లేపి లీటర్ల మందు తాగించాలి, తరువాత దారిలో కారులో ఆపుకోలేక ఇబ్బంది పడాలి. జిల్లా నుంచి హైదరాబాదుకో విజయవాడకో వైజాగుకో రెండు మూడు గంటలు ప్రయాణం చేసి వచ్చేవారికి ఇది దాదాపు అసాధ్యం. పదకొండు తరువాతి సమయం అడిగితే రెండవ భాగం ఉదయం ఆరింటికి మొదలుపెట్టవచ్చు. షుగరు ఉన్నవారికి మాత్రం ఆలస్యపు సమయం మంచిది కాదు, ఖాళీ కడుపుతో ఎక్కువసేపు ఉండవలసి వస్తుంది. వారికి ఉదయం తొమ్మిది, పది మధ్య సమయం రాజీగా ఉంటుంది. దూరం నుంచి వచ్చేవారు ముందు రోజే ఊరు చేరి ఆసుపత్రి దగ్గరలో, గదిలోనే మరుగుదొడ్డి ఉన్న చోట బస చేయడం ఖర్చుకు తగిన పని.

## ఏ పెద్దవారికి ఏది

మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పెగ్ తప్ప మరొకటి ఆలోచించకండి, మెగ్నీషియం, ఫాస్ఫేట్ కలిసినవి రెండూ వద్దు. గుండె నీరసించి కాళ్ల వాపు ఉన్నవారికి కూడా పెగ్ మేలు, తాగే వేగం మాత్రం తగ్గించాలి. మూత్రం పోయించే లాసిక్స్ వంటి వారి మాత్ర, బీపీ మాత్ర ఆ రోజు వేయాలా మానాలా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. మందు తాగడం మొదలుపెట్టే ముందు గంటలోపు మింగిన ఏ మాత్ర అయినా ఒంట పట్టకుండా కొట్టుకుపోవచ్చు కనుక, మూర్ఛ, పార్కిన్సన్స్, గుండె లయ మాత్రలు అంతకన్నా ముందే వేయాలి.

షుగరు ఉన్నవారిలో పథ్యం రోజున ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ మామూలుగా వేస్తే షుగరు పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలను సాధారణంగా మూడు రోజుల ముందే ఆపిస్తారు, లేకపోతే తిండి తక్కువైన రోజుల్లో రక్తంలో ఆమ్లాలు పేరుకునే ప్రమాదం ఉంది. చేతిలో గ్లూకోమీటరు, పక్కన పంచదార నీళ్లు ఉండాలి. క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటి రక్తం పలచబడే మందులను మీరుగా ఆపకండి, స్టెంటు వేసిన గుండె డాక్టరు, గ్యాస్ట్రో డాక్టరు కలిసి నిర్ణయించాలి.

పార్కిన్సన్స్, పక్షవాతం ఉన్నవారికి మలబద్ధకం, మింగే ఇబ్బంది రెండూ కలిసి ఉంటాయి. వీరికి ఇంట్లో లీటర్ల ద్రావణం తాగించడం నాకు భయం కలిగించే పని. పొలమారితే ద్రావణం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆసుపత్రిలో చేర్చి, కూర్చోబెట్టి, అవసరమైతే ముక్కు గొట్టం ద్వారా నెమ్మదిగా ఇవ్వడం గురించి అడగండి. వాంతికి మామూలుగా ఇచ్చే మెటోక్లోప్రమైడ్ పార్కిన్సన్స్‌ను ముదరబెడుతుంది, ఆ సంగతి రాత్రి డ్యూటీ నర్సుకు మీరే గుర్తు చేయాలి.

ఒంటరిగా ఉండేవారికి, నడక తూలేవారికి కూడా ఒక రాత్రి ఆసుపత్రి బస ఆలోచించవచ్చు. సెలైను ఎక్కించవచ్చు, రక్తంలో లవణాలు చూడవచ్చు, పడిపోతే మనిషి ఉంటాడు. అయితే చేరినంత మాత్రాన కడుపు శుభ్రపడుతుందని అనుకోకండి. రద్దీ వార్డులో ఎవరూ గ్లాసులు లెక్కపెట్టరు, పదిమందికి ఒక మరుగుదొడ్డి అయితే పెద్దవారు సిగ్గుపడి తాగడమే మానేస్తారు. ఇంట్లో ఓపికగల మనిషి, గదికి ఆనుకుని కమోడ్ ఉంటే, మూత్రపిండాలు, గుండె నిలకడగా ఉంటే ఇల్లే మంచిది.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లినప్పుడు పరీక్ష చేయించుకునే తల్లిదండ్రులకు ఇంకో రెండు ఎంపికలు ఎదురవుతాయి. మిరాలాక్స్ పొడిని గేటరేడ్‌లో కలిపి తాగే పద్ధతి రుచిగా ఉంటుంది గాని, అందులో లవణాల సమతూకం ఉండదు. మూత్రం పోయించే మాత్రలు వాడే పెద్దవారికి అది తగదు. 24 మాత్రలు మింగే సుటాబ్ కూడా సల్ఫేట్ మందే, ఒక్క మాత్రే గొంతులో అడ్డుపడే పెద్దవారికి దాని గురించి ఆలోచించనవసరం లేదు.

## ఆ రాత్రి

ద్రావణాన్ని చల్లగా ఇవ్వండి, వణుకు వచ్చేంత ఐసు చల్లదనం వద్దు. పావు లీటరు గ్లాసును పదిహేను ఇరవై నిమిషాలకు ఒకటిగా, స్ట్రాతో తాగించి, మధ్యలో నిమ్మ ముక్క చప్పరించనివ్వండి. పంచదార కలపకండి. వికారం వస్తే అరగంట ఆపి మళ్లీ మొదలుపెట్టవచ్చు. తాగినంతసేపూ, తరువాత కొంతసేపూ నిటారుగా కూర్చోబెట్టాలి. మరుగుదొడ్డి దాకా రాత్రి దీపం వెలిగించి, నేల ఆరబెట్టి, తడి పట్టలు తీసేసి, మంచం మీద నుంచి లేచేటప్పుడు ఒక నిమిషం కూర్చోబెట్టండి. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి కమోడ్ కుర్చీ అద్దెకు తెచ్చుకోవడం మంచిది. ప్రతిసారీ గోరువెచ్చటి నీటితో కడిగి, ఒత్తి తుడిచి, వాజలిన్ రాస్తే చర్మం ఒరుసుకోదు.

మొదటి భాగం తాగిన తరువాత మూడు నాలుగు గంటలు గడిచినా విరేచనం మొదలుకాకుండా కడుపు ఉబ్బుతుంటే, వాంతులు ఆగకపోతే, తీవ్రమైన నొప్పి, తికమక మాటలు, కళ్లు తిరగడం, రక్తం కనిపిస్తే తాగించడం ఆపి వెంటనే ఆసుపత్రికి ఫోను చేయండి. అందుకోసం రాత్రి పలికే నంబరును మందు చీటీ మీదే ముందుగా రాయించుకోండి.

ఉదయానికి మలం లేత పసుపు నీరులా, అడుగు కనిపించేంత తేటగా రావాలి. గోధుమ రంగులో, మడ్డిగా, ముక్కలతో వస్తుంటే ఆ సంగతి దాచకుండా బయలుదేరే ముందే ఆసుపత్రికి చెప్పండి. ఎనిమా ఇవ్వడమో, మరికొంత పెగ్ తాగించి మధ్యాహ్నానికి జరపడమో, మరుసటి రోజుకు మార్చడమో వారు నిర్ణయిస్తారు. ఎనిమా ఎడమవైపు చివరి భాగాన్నే శుభ్రం చేస్తుంది, కుడివైపుకు పనికిరాదు. మరుసటి రోజుకు మార్చినప్పుడు తేట ద్రవాలు కొనసాగిస్తూ మిగిలిన మందు తాగించడం, ఒక నెల తరువాత అంతా మొదటి నుంచి చేయడం కన్నా పెద్దవారికి చాలా తేలిక. పరీక్ష పూర్తయ్యాక రిపోర్టులో బోస్టన్ మార్కులు, వాడిన మందు, మోతాదు రాయమని అడిగి, ఆ కాగితాన్ని వచ్చేసారి కోసం మందుల ఫైలులో పెట్టండి.